విమానాలకో చూరు

మా పిన్ని కొడుకు బెర్లిన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. పోయిన వేసవిలో వెళ్తే వాడు నాకు మొదట చూపించింది మ్యూజియం కాదు, ఒక రన్‌వే! దాని మీద జనం సైకిళ్లు తొక్కుతున్నారు, గాలిపటాలు ఎగరేస్తున్నారు. చుట్టూ దాదాపు 300 హెక్టార్ల ఖాళీ మైదానం. దాని అంచున విల్లులా వంగిన ఒకే ఒక్క భవనం.

"ఈ చివర నుంచి ఆ చివరికి 1.2 కిలోమీటర్లు అక్కా. నడుస్తావా?" అన్నాడు. కంచె ఇవతల నుంచే నడిచాం.

అదే టెంపెల్‌హోఫ్. నాజీ ప్రభుత్వం 1936లో కట్టడం మొదలుపెట్టిన విమానాశ్రయ భవనం. ఆర్కిటెక్ట్ ఎర్నస్ట్ జాగెబీల్. వీధి వైపు నుంచి చూస్తే సున్నపురాయి పలకలు, వరసగా ఒకేలాంటి కిటికీలు. మనిషిని చిన్నబుచ్చడానికే కట్టినట్టుంటుంది. మైదానం వైపు మాత్రం వేరే సంగతి. వానొస్తే పెంకుటింటి చూరు కిందకి దూరతాం చూడండి, అలా విమానాలే వచ్చి ఆగడానికి ఉక్కుతో చూరు వేశారు. ప్రయాణికులు తడవకుండా దిగాలని. 380 మీటర్ల పొడవునా అది 40 మీటర్లు ముందుకు చొచ్చుకొస్తుంది. ముందువైపు ఒక్క స్తంభం కూడా లేదు!

పైకప్పుకి ఇంకో పనీ పెట్టారు. వైమానిక విన్యాసాలు చూడ్డానికి పదుల వేల మందికి గ్యాలరీ. ఎక్కడానికి మెట్ల టవర్లు కూడా కట్టారు. కానీ యుద్ధం వచ్చింది, గ్యాలరీ పూర్తి కాలేదు. కింద హ్యాంగర్లలో, సొరంగాల్లో యుద్ధవిమానాలు బిగించారు. వేరే దేశాల నుంచి పట్టుకొచ్చిన మనుషులతో వెట్టిచాకిరీ చేయించి మరీ.

ఇక్కడ కనిపించని కట్టడం ఇంకొకటి ఉంది. మైదానం ఉత్తరపు అంచున కొలంబియా హౌస్ అని పాత సైనిక జైలు ఉండేది. నాజీలు దాన్ని నిర్బంధ శిబిరం చేశారు. 1936లో మూసేసి, కొత్త విమానాశ్రయం కోసం 1938లో కూల్చేశారు. ఇప్పుడు ఒక స్మారకం ఉంది, అంతే. చూరుని మెచ్చుకునేవాళ్లు (నాతో సహా) దీన్ని దాటేయకూడదని నా పట్టు.

1945 జులైలో ఈ చోటు అమెరికన్ల చేతికొచ్చి ఎయిర్‌బేస్ అయింది. 1948లో సోవియట్లు పశ్చిమ బెర్లిన్‌కి దారులన్నీ మూసేస్తే బొగ్గు, పిండి విమానాల్లోనే వచ్చాయి. గడ్డి మైదానం ఆ బరువు మొయ్యలేదు కదా, కొత్త రన్‌వేలు వేశారు. తర్వాత సైనికుల కోసం భవనం పై అంతస్తులో బాస్కెట్‌బాల్ కోర్టు కూడా వెలిసింది. అన్నిటికన్నా నాకు నచ్చింది గద్ద కథ. భవనం నెత్తిన ఉన్న పెద్ద లోహపు గద్దని 1962లో రాడార్ పెట్టడానికి దించేశారు. తల మాత్రం అమెరికా వెళ్లి, 1985లో తిరిగొచ్చింది. ఇప్పుడు ముందున్న చౌకులో కూర్చుని ఉంది, తల ఒక్కటే.

2008 అక్టోబరులో విమానాలు ఆగిపోయాయి. మన బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కి మారిందీ ఆ ఏడాదే. 2010లో మైదానాన్ని పార్కు చేశారు. అంచుల్లో సుమారు 4,700 ఇళ్లు కడతామని నగర ప్రభుత్వం అంటే, 2014లో జనం ఓటేసి వద్దన్నారు. దాదాపు 64 శాతం మంది!

"నాకు నాలుగు నెలలుగా రూమ్ దొరకట్లేదు. ఇక్కడేమో గాలిపటాలు" అన్నాడు మావాడు. స్నేహితుడి హాల్లో పడుకుంటున్నాడు పాపం.

నేనైతే నేనూ వద్దనే ఓటేసేదాన్ని. ఆ మాట వాడితో అనలేదు. ఇంతలో వాడి ఫోన్ మోగింది. పొద్దున చూసొచ్చిన రూమ్ వేరేవాళ్లకి ఇచ్చేశారట. ఫోన్ జేబులో పెట్టుకుని, "పద అక్కా, ఇంకో రన్‌వే ఉంది" అన్నాడు.