సిస్టర్‌కి తెలియదా?

పోయిన నెల్లో మా నాన్నగారికి షుగర్ బాగా పెరిగిపోయి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐదు రోజులు ఉంచాల్సొచ్చింది. పగలు అమ్మ, రాత్రి నేను. మూడో రోజు రాత్రి నేనొక తెలివితక్కువ మాట అన్నాను. ఈ సోదంతా దాని గురించే.

ఆ రాత్రి డ్యూటీకొచ్చిన సిస్టర్ నాన్నగారికి పది నిమిషాలు క్లాసు పీకింది. వేళకి తినాలి, అన్నం తగ్గించాలి, రోజూ నడవాలి, పదింటికల్లా పడుకోవాలి... అన్నీ ఓపిగ్గా చెప్పింది. రెండున్నరప్పుడు నేను కాఫీ కోసం బయటికొస్తే అదే సిస్టర్ నిలబడి టీలో బిస్కెట్లు ముంచుకు తింటోంది. ఊరుకోవచ్చుగా! "ఏంటి సిస్టర్, మా నాన్నకి అన్ని నీతులు చెప్పి మీ భోజనం ఇదా?" అనేశాను.

ఆవిడ నవ్వింది. "డబ్బా తెచ్చుకున్న సార్. పదింటికి మూత తీసిన, మీ రూం బెల్లు మోగింది."

నిజమే. సెలైన్ అయిపోతుందేమోనని కొట్టింది నేనే. అప్పటికి సీసాలో ఇంకా సగం ఉంది.

ఇక మిగతా రాత్రులు గమనించడమే పనైపోయింది. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా డ్యూటీ. ఆ ఫ్లోర్లో 22 పడకలకి ఇద్దరు సిస్టర్లు. సాధారణ ఆసుపత్రుల్లో ఐదుగురు రోగులకి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క! నీళ్ళు కూడా తక్కువే తాగుతారట, బాత్రూంకి వెళ్ళే తీరికుండదని. ఒక వారం రాత్రి, ఇంకో వారం పగలు. హాస్టల్ గదిలో నలుగురు, నాలుగు రకాల డ్యూటీలు. పగటి నిద్ర ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మన ప్రొడక్షన్ సర్వర్ పడిపోయిందనుకోండి, కారణం రాసే చోట "ఆపరేటర్ జాగ్రత్తగా లేడు" అని రాస్తే మేనేజర్ ఒప్పుకుంటాడా? అలాంటి పొరపాటుకి చోటిచ్చిన పద్ధతేంటి అని అడుగుతాడు. అదే నర్సు వేళకి తినకపోతే మాత్రం "తెలిసి కూడా నిర్లక్ష్యం" అనేస్తాం.

తెలియకపోవడమా? అసలు ఈ విషయాలు మనకి తెలిసిందే చాలావరకు నర్సుల వల్ల. 1976లో అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు మొదలుపెట్టిన నర్సెస్ హెల్త్ స్టడీలో లక్షా ఇరవై వేలమందికి పైగా నర్సులు చేరారు. ఏళ్ళ తరబడి మారే షిఫ్టుల్లో రాత్రులు పనిచేస్తే టైప్ 2 షుగర్, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుందని చెప్పిన ముఖ్యమైన ఫలితాలు ఆ సమాచారంలోంచే వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ కూడా 2007లో రాత్రి షిఫ్టుని "బహుశా క్యాన్సర్ కారకం" జాబితాలో పెట్టింది. 2019లో మళ్ళీ పరిశీలించి అదే మాట అంది.

"మనసుంటే మార్గముంటుంది, కొందరు నర్సులు చేస్తున్నారుగా" అనొచ్చు. మా పిన్ని కూతురు నర్సే. ప్రైవేటులో ఉన్నన్నాళ్ళూ బ్యాగులో గ్యాస్ మాత్రలు తప్ప ఇంకోటి కనబడేది కాదు. ప్రభుత్వోద్యోగం వచ్చాక రోజూ సాయంత్రం నడుస్తోంది. అక్కడ పని తక్కువని కాదు. డ్యూటీ చార్టు నెల ముందే తెలుస్తుంది, జీతం చాలక అదనపు డ్యూటీలు చేసే అవసరం లేదు. మనిషి మారలేదండీ, చార్టు మారింది.

జీతం సంగతీ కొత్తదేం కాదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రులు ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతాలివ్వాలంది. 50 పడకల లోపు ఆసుపత్రుల్లోనైనా 20,000 రూపాయలకి తగ్గకూడదంది. చాలాచోట్ల అది సిఫార్సుగానే మిగిలిపోయింది.

అందుకే మే 12న నర్సుల దినోత్సవమని కేకు కోసి, "ఆరోగ్యంగా జీవించండి" అని ఉపన్యాసమిప్పిస్తే ఒరిగేదేం లేదని నా అభిప్రాయం. రాత్రి డ్యూటీలో అరగంట విరామం ఇచ్చి, ఆ అరగంటా ఆవిడ బెల్లులు చూసుకోవడానికి ఇంకో మనిషిని పెట్టాలి. వేడి అన్నం దొరకాలి. చార్టు ముందుగా చెప్పాలి. రాత్రి పనికి క్యాబూ, క్యాంటీనూ అనుభవించే మనకి ఇవి గొంతెమ్మ కోరికల్లా అనిపించకూడదు.

మనలో ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఏ పడక ఖాళీ, ఏ బిల్లు బాకీ అన్నీ తెర మీద కనిపిస్తాయి. సిస్టర్ భోంచేసిందా లేదా అనే గడి మాత్రం నేనెక్కడా చూళ్ళేదు. మీరెవరైనా పెట్టారా?

ఆఖరి రాత్రి పదింటికి బెల్లు మీదకి చెయ్యి పోయింది. సీసా వైపు చూశాను. ఇంకా సగం ఉంది. చెయ్యి తీసేశాను.