కోట్లలో చేపపిల్లలు సరే.. మరి పుట్టిలో కూర్చునే చోటు సంగతేంటి?

వానాకాలం వచ్చిందంటే చాలు, చేపపిల్లల పంపిణీ వార్తల్లోకి వస్తుంది. ఎన్ని కోట్ల పిల్లలు వదిలారు, ఏ సైజువి వదిలారు, కాంట్రాక్టర్ ఎవరు.. చర్చంతా వీటి చుట్టూనే. ఆ చేప పెరిగాక నీళ్ల మీదికి వెళ్లి దాన్ని పట్టేది ఎవరు? దేని మీద కూర్చుని పడుతున్నారు? ఈ ప్రశ్న మాత్రం పెద్దగా వినిపించదు. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కృష్ణా నది మీద బతికే మత్స్యకారులకు ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం.

పుట్టి అంటే ఏంటి?

వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి బుట్ట అది. ఒకప్పుడు దానికి తోలు కప్పేవాళ్లు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టాలు కప్పి, పైన తారు పూస్తున్నారు. జూరాల నుంచి సోమశిల వరకు, అక్కడి నుంచి నాగార్జునసాగర్ బ్యాక్ వాటర్ వరకు ఇదే కనిపిస్తుంది. సాగర్ వైపు నేరెడుగొమ్ము మండలంలోని వైజాగ్ కాలనీ లాంటి చోట్ల చెక్క పడవలు, ఫైబర్ పడవలు కూడా ఉన్నాయి. తీరప్రాంతం నుంచి వలస వచ్చి స్థిరపడిన కుటుంబాల ఊరు అది. ఇక చిన్న చెరువుల్లో అయితే థర్మాకోల్ దిమ్మెకు పట్టా చుట్టి దాని మీదే వెళ్తుంటారు. లేదంటే లారీ ట్యూబే దిక్కు.

వీటిలో సీటు అనేదే ఉండదు. అడ్డంగా వేసిన బల్ల, మడిచి పెట్టుకున్న గోనెసంచి.. అంతే. సాయంత్రం వల వేయాలి, తెల్లవారుజామున తీయాలి. ఒకరు తెడ్డు వేస్తుంటే ఇంకొకరు వంగి వల లాగుతారు. గంటల తరబడి అదే పని. కింద నీళ్లు, చేప జిగురు. కాలు జారితే పట్టుకోవడానికి పిడి కూడా ఉండదు. నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి సంగతి సరే సరి. అలసిన మనిషి ఒక పక్కకు ఒరిగితే గుండ్రటి పుట్టి కూడా అటే ఒరుగుతుంది.

కృష్ణమ్మ చెప్పిన పాఠాలు

2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 61 మంది చనిపోయారు. 2020 ఆగస్టులో పంచదేవ్‌పాడు దగ్గర వరదలో పుట్టి బోల్తా పడి నలుగురు గల్లంతయ్యారు. ఈ రెండూ జనాన్ని దాటించేటప్పుడు జరిగిన ప్రమాదాలు, చేపల వేటలో జరిగినవి కావు. కానీ నీళ్లు అవే, అలాంటి పడవలే. మునిగాక పట్టుకుని తేలడానికి చేతికి ఏదైనా అందుతుందా లేదా అన్నదే ఎక్కడైనా అసలు ప్రశ్న. పెద్ద ప్రమాదం జరిగితే వారం రోజులు తనిఖీలు ఉంటాయి. ఒక్క మత్స్యకారుడు తెల్లవారుజామున పుట్టిలోంచి జారిపోతే అది లోకల్ పేజీలో నాలుగు లైన్ల వార్త.

పథకాల్లో ఏముంది?

డబ్బుల్లేవని అనడానికి వీల్లేదు. తెలంగాణలో 2016 నుంచి ఉచిత చేపపిల్లల పంపిణీ మొదలైంది. ఆ తర్వాత సమీకృత మత్స్య అభివృద్ధి పథకం కింద మోపెడ్లు, లగేజీ ఆటోలు, వలలు 75 శాతం సబ్సిడీతో ఇచ్చారు. కేంద్రం 2020లో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనను 20,050 కోట్లతో ప్రకటించింది. అందులో సంప్రదాయ మత్స్యకారులకు పడవలు, వలలు, భద్రతా కిట్లు అనే పద్దులున్నాయి. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 5 లక్షల బీమా కూడా ఉంది.

అంటే చేప మార్కెట్‌కు వెళ్లడానికి బండి ఉంది, మనిషి పోయాక బీమా ఉంది. మధ్యలో మనిషి పోకుండా చూసే ఏర్పాటే బలహీనంగా ఉంది. లైఫ్ జాకెట్లు ఇచ్చినా ఎండలో, వల లాగే పనిలో అవి ఒంటి మీద నిలవడం కష్టం. చాలాసార్లు పక్కన పెట్టేస్తారు. అందుకే కూర్చునే చోటు కీలకం అవుతుంది. ఎందుకంటే సీటును ఎవరూ పక్కన పెట్టరు.

మెత్తే ప్రాణం నిలబెడుతుందా?

చిన్న లెక్క చూద్దాం. 45 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 5 సెంటీమీటర్ల మందం ఉన్న ఫోమ్ మెత్త తీసుకుంటే అది సుమారు 10 లీటర్ల నీటిని పక్కకు నెడుతుంది. దాని సొంత బరువు తీసేసినా 9 కిలోల దాకా తేలే బలం ఉంటుంది. నీళ్లలో పెద్ద మనిషి తల పైకి ఉండటానికి 5 కిలోల బలం సుమారుగా సరిపోతుంది. అమెరికాలో చిన్న పడవల్లో కూర్చునే మెత్తనే నీళ్లలో పడ్డవాళ్లకు విసిరే సాధనంగా వాడటం ఎప్పటినుంచో ఉంది. రెండు పక్కలా పట్టుకునే పట్టీలు ఉంటే చాలు.

అయితే ఏ ఫోమ్ అయినా పనికిరాదు. సోఫాల్లో వాడే స్పాంజి నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది. నీరు పీల్చని, గదులు మూసుకుని ఉండే ఫోమ్ కావాలి. చెప్పుల అడుగుకు వాడే ఈవీఏ రకం అలాంటిదే. థర్మాకోల్ తేలుతుంది కానీ పెట్రోల్ తగిలితే కరిగిపోతుంది. ముక్కలై నీళ్లలో కలిస్తే చేపకూ చేటే. ఇంజిన్ పడవలకు అది అసలే వద్దు.

ఇంకో మాట. పుట్టి తీసేసి ఫైబర్ పడవ ఇస్తే సమస్య తీరిపోయినట్టేనా? కాదు. వెదురు నీళ్ల మీద తేలుతుంది. ఫైబర్ పొర నీటికన్నా బరువు. నీళ్లు నిండితే, లోపల ఫోమ్ గానీ గాలి గదులు గానీ లేకపోతే నేరుగా అడుగుకు వెళ్తుంది. కాబట్టి కొత్త పడవ కొనేటప్పుడు రంగు, పొడవు కాదు, బల్లల కింద ఏం నింపారో చూడాలి.

సముద్రం క్యాటలాగ్ ఇక్కడ అక్కర్లేదు

ఉప్పునీళ్లకు వాడే ఖరీదైన స్టీల్ బిగింపులు కృష్ణా మంచినీళ్లకు అవసరం లేదు. మామూలు స్టెయిన్‌లెస్ నట్లు చాలు. పుట్టికి అసలు రంధ్రాలే వేయకూడదు, తాళ్లతో కట్టాలి. ఫైబర్ పడవకైతే బోల్టు వెనక లోపలి వైపు ప్లేటు పెట్టాలి, లేదంటే లాగినప్పుడు ఊడి వస్తుంది. ఏది పెట్టినా కిందికే ఉండాలి. సీటు ఎత్తు పెరిగిన కొద్దీ పడవ ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. కాళ్ల కింద జారని మ్యాట్, అంచు చుట్టూ పట్టుకునే తాడు, రాత్రి కనిపించే రేడియం స్టిక్కర్.. ఇవన్నీ ఏ మండల కేంద్రంలోనైనా దొరికేవే. ఆటో సీట్లు కుట్టే షాపుల వాళ్లే రెగ్జిన్ వేసి మెత్తలు కుట్టివ్వగలరు.

మరి ఎవరు చేయాలి?

1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం వచ్చింది. ఇంజిన్ లేని పడవల నమోదు బాధ్యతను స్థానిక సంస్థలకు ఇచ్చే వీలు అందులో ఉంది. కాగితం మీది దారిని ఊళ్లోకి తేవాల్సింది మత్స్యశాఖ, పంచాయతీలు, మత్స్య సహకార సంఘాలు. వలల కోసం ఇండెంట్ పెట్టేటప్పుడే పుట్టికి రెండు తేలే మెత్తలు, ఒక మ్యాట్, ఒక తాడు కూడా చేర్చమని సంఘాలు అడగొచ్చు. సీటు వచ్చిందని లైఫ్ జాకెట్ మానేయమని కాదు, రెండూ కావాలి.

చేపపిల్ల బతికిందో లేదో లెక్కపెట్టే వ్యవస్థ మనకుంది. దాన్ని పట్టే మనిషి ఒడ్డుకు చేరాడా అన్నది కూడా అదే రిజిస్టర్‌లో ఒక కాలమ్ కావాలి.