బిడ్డ చదువు బాకీ పద్దు కాదు

కళాశాలలో బిడ్డను చేర్చిన తలిదండ్రులు మన తెలుగు కుటుంబములలో తఱచుగా ఒక మాట అనుచుందురు: “నీ కొరకు మేము ఇంత ఖర్చుపెట్టితిమి.” ఈ మాట వినుటకు సామాన్యమైనది. ఇందులో అబద్ధమును లేదు. అయినను, కోవిల్పట్టి మొదలు విరుదునగరము వఱకు ఈ నల్లరేగడి నేలపై తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములకు నేడు కలుగుచున్న కీడులలో పెద్దపాలు ఈ ఒక్క మాటనుండియే పుట్టుచున్నదని మా దృఢాభిప్రాయము. బిడ్డ చదువునకు వెచ్చించిన ధనమును బిడ్డపై బాకీగా వ్రాసికొనుట తగదు; వ్రాసికొన్న బాకీని వసూలు చేయుట అంతకంటెను తగదు. ఈ సంగతిని ఇచట మొగమాటము లేక చెప్పదలచినాము. కొందఱికి కటువుగా తోచిన తోచుగాక.

మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ఉద్యోగకాలమంతయు గుమాస్తాగా చిఠా ఆవర్జాల నడుమ గడపినవారము. ఏది జమ, ఏది ఖర్చు, ఏది రానిబాకీ యను విచక్షణ ఆ వృత్తివలన మాకు కొంత అబ్బినది. వడ్డీకిచ్చిన సొమ్ము ఆవర్జాలో ఒకరి పేర నుండును. ఇంటి దీపమునకు పోసిన నూనె ఎవరి పేరను ఉండదు. బిడ్డ చదువు ఈ రెండవ జాతి ఖర్చు. దానిని మొదటి పుటలో వ్రాయుటయే మనము చేయుచున్న పని.

మొదట కుమారుని సంగతి చూతము. పన్నెండవ తరగతి ఫలితములు వెలువడిన నాటి రాత్రియే ఇంటిలో సభ తీరును. మేనమామ, పెదతండ్రి, ప్రక్కింటి పెద్దమనిషి, అందఱును మాటలాడుదురు. చదువవలసిన కుఱ్ఱవాడు మాత్రము గోడకు ఆనుకొని నిలుచుండును. వానికి చరిత్రపై మక్కువ కలదా, గణితముపై కలదా, యంత్రములు విప్పి బిగించు నేర్పు కలదా అని అడుగువా రుండరు. “ఏ చదువునకు ఎంత వచ్చును?” అనునదే అచటి ప్రశ్న. ఈ ‘వచ్చును’ అను మాటకు మన యిండ్లలో రెండర్థములు కలవు. ఒకటి జీతము, రెండవది వరదక్షిణ.

విరుదునగరపు మండీలలో మినుములకు, మిరపకాయలకు, నూనెలకు ధర కట్టునట్లు మన పెండ్లిమాటలలో ఇంజనీరున కొక ధర, వైద్యున కొక ధర, పరదేశమున ఉద్యోగము చేయువాని కొక ధర కట్టుచున్నారు. 1961వ సంవత్సరపు వరకట్న నిషేధచట్టము ఇచ్చువానిని, పుచ్చుకొనువానిని ఇరువురను నేరస్థులుగనే ఎంచుచున్నది. అయినను కళాశాలకు కట్టిన రుసుము, వసతిగృహపు ఖర్చు, పుస్తకముల వెల, అన్నియు కూడి, పైన వడ్డీయు చేర్చి, ఆ మొత్తమును కన్యాదాత యొద్ద రాబట్టుట మనలో మర్యాదగా చెల్లుచున్నది. వరుని తండ్రి ఖాతా తీరినది. కన్యాదాత ఖాతా ఎట్లు తీరవలెను? ఆయన తన కుమార్తె చదువును కుదించి తీర్చుకొనుచున్నాడు. అనగా ఒక యింటి కుమారుని చదువుబాకీ మఱియొక యింటి కుమార్తె చదువునుండి వసూలగుచున్నది. ఇది కన్నులెదుట జరుగుచున్న వ్యవహారము. కాదని చెప్పగలవారు చెప్పవచ్చును.

ఇక కుమార్తె సంగతి. “ఆడపిల్లను చదివించుట పొరుగింటి పాదునకు నీరు పోయుట” అని బాహాటముగా అనువారు నేడు తక్కువ. కాని లెక్క మాఱలేదు. పిల్ల పుట్టిన నాటినుండి కాసు కాసుగా బంగారము కూడబెట్టుదురు. అదే పిల్ల తాను కోరిన చదువునకు మధురకో, కోయంబుత్తూరునకో, చెన్నపట్టణమునకో పోవుదునన్నప్పుడు ఆ పెట్టె తాళము తెఱవబడదు. “బస్సులో పోయి సాయంకాలమునకు తిరిగి రాగల కళాశాల చాలును” అందురు. మన చెంతనున్న కళాశాలలు చిన్నవని మేము అనుట లేదు. విరుదునగరమున సెంథికుమార నాడార్ కళాశాల 1947లో, వన్నియపెరుమాళ్ మహిళా కళాశాల 1962లో వెలసినవి. కోవిల్పట్టిలో జి. వెంకటస్వామి నాయుడు కళాశాల 1966లో, నేషనల్ ఇంజనీరింగు కళాశాల 1984లో ఏర్పడినవి. విరుదునగరపు ప్రభుత్వ వైద్యకళాశాల 2022 జనవరిలో ప్రారంభమైనది. పిల్ల తన ఇష్టముచే వీనిలో చేరిన మంచిదే. కాని అన్నకు చదువునుబట్టి ఊరును, చెల్లెలికి ఊరునుబట్టి చదువును ఏర్పఱచుట న్యాయమా? అదియును పూర్తికాకమునుపే రెండవ సంవత్సరమున సంబంధము వచ్చును. “పెండ్లియైన తరువాత చదువుకొనవచ్చును” అని ఇరువైపులవారును పలుకుదురు. ఆ మాటకు పత్రము లేదు, సాక్షి లేడు, గడువు లేదు. అట్టి నోటుపై ఏ గుమాస్తాయు పది రూపాయలు చెల్లింపడు.

మన పూర్వులు ఈ దక్షిణదేశమునకు వచ్చిన విధములు పెక్కు. విజయనగర ప్రభువుల కాలమున కొందఱు, మధుర నాయకరాజుల కాలమున కొందఱు వచ్చి ఇచటి బీళ్లను దున్ని ఊళ్లు కట్టిరి. దానితోపాటు మన వృద్ధులు చెప్పుకొను కథ యొకటి కలదు. ఒక ప్రభువు మన కన్య నొకతెను బలవంతముగా చేపట్టదలపగా, ఆమె నిచ్చుటకు ఒప్పక, ఇల్లు, పొలము, పశువుల కొట్టము విడిచి కుటుంబములు రాత్రికి రాత్రి కదలినవట. వెంబడించువారు సమీపింపగా ఏటి ఇరుదరుల నున్న కానుగచెట్లు వంగి వంతెనయై వారిని దాటించినవట. కోవిల్పట్టి చెంతనున్న ఇడైసెవల్ గ్రామమున పుట్టిన మన తెలుగుబిడ్డ కి. రాజనారాయణన్ 1976 నాటి ‘గోపల్ల గ్రామం’ అను తమిళ నవలలో ఇట్టి వలసనే కథావస్తువుగా గ్రహించెను. దాని తరువాతి నవలయగు ‘గోపల్లపురత్తు మక్కళ్’ 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందినది. కథలో నిజమెంతయో విచారింప నక్కఱలేదు. ఒక బాలికను ఇష్టములేని పెండ్లికి అప్పగింపనొల్లక దేశమునే విడిచితిమని చెప్పుకొని గర్వించు జాతి, ఆ బాలిక మనుమరాండ్రను మధుర రైలెక్కించుటకు వెనుదీయుచున్నది. అంత దూరము నడచివచ్చినవారి సంతతికి ఈ దూరము ఎక్కువయ్యెనా?

ఇక మాట సంగతి. వసతిగృహములోనున్న బిడ్డ పగలంతయు తోటివారితో తమిళమున మాటలాడును. ఆంగ్లమున పాఠము వినును. తెలుగు వాని చెవిని పడునది రాత్రి ఇంటినుండి వచ్చు ఫోనులోనే. అందులో వినవచ్చునదేమి? “మార్కులెన్ని? రుసుము కట్టితివా? ఈ నెల ఇంత యేల ఖర్చయినది? పొలము తాకట్టున నున్నదని జ్ఞాపకమున్నదా?” మొదటి సెమిస్టరులో రెండు పేపర్లు తప్పిన కుఱ్ఱవాడు ఈ ప్రశ్నలకు ఏమి చెప్పును? బాగున్నానని చెప్పి ఫోను పెట్టివేయును. తప్పిన పేపరును మరల వ్రాయుటకు కళాశాలలో మార్గము కలదు. తప్పితినని చెప్పుటకు ఇంటిలో మార్గము లేదు. అట్లు దాచినవి రెండు నాలుగగును, నాలుగు ఎనిమిదగును. తుదకు బిడ్డ ఇంటికి వచ్చుటయే మానును. అప్పుడు “పిల్లలకు తెలుగుపై అభిమానము లేదు” అని మన సభలలో ఉపన్యాసము లిచ్చుచున్నాము. తెలుగు వారికి బాకీ అడుగు భాషగా వినవచ్చుచుండగా అభిమానమెట్లు కలుగును? ఫోనులో మొదట “తింటివా నాయనా, నిద్రపోవుచున్నావా తల్లీ, మనస్సు కుదురుగా నున్నదా” అని అడుగుడు. లెక్కలకు పగలు కలదు.

ఇచట కొందఱు ఆక్షేపింతురు: “మేము పడిన కష్టము బిడ్డకు తెలియవలదా? అవ్వ అగ్గిపెట్టెల కర్మాగారమున పుల్లలను చట్రములలో అమర్చి సంపాదించిన కూలి ఇది; తాత వాన నమ్ముకొని ప్రత్తి పండించిన సొమ్మిది. దీనిని చెప్పరాదా?” తప్పక చెప్పవలెను. కోవిల్పట్టి, సాత్తూరు ప్రాంతములలో ఆ చట్రములయెదుట వంగిన నడుములను మఱచిన బిడ్డకు చదువు వచ్చినను ఏమి ఫలము? కాని ఇంటి చరిత్రగా చెప్పుట వేఱు, బిల్లుగా చూపుట వేఱు. చరిత్ర విన్న బిడ్డ తల ఎత్తును. బిల్లు చూచిన బిడ్డ తల దించును.

మఱికొందఱు “వృద్ధాప్యమున మమ్మెవరు చూతురు?” అందురు. ఇది న్యాయమైన భయము. 2007వ సంవత్సరమున తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణకై పార్లమెంటు చట్టమే చేసినది. తమ్ము తాము పోషించుకొనలేని తలిదండ్రులను సంతానము పోషింపవలెనని అది విధించుచున్నది. కళాశాల రసీదులు చూపుమని తలిదండ్రులను అడుగుట లేదు. చట్టమే బాకీ పద్దు లేక మన హక్కును ఒప్పుకొనగా, మనమేల పద్దు వ్రాసి దానిని తగ్గించుకొనవలెను? బాకీ తీరిన దినమున అప్పులవానికిని ఋణదాతకును సంబంధము తెగును. బాకీ కానిది తెగదు.

“ధనములేనివాడు ఏమి చేయవలెను?” అను ప్రశ్నకు జవాబు చెప్పకున్న ఈ వ్యాసము వట్టి నీతిబోధ యగును. 2021-22 నాటి అఖిలభారత ఉన్నతవిద్యా సర్వేలో దేశమంతటి నమోదు నిష్పత్తి నూటికి 28 కాగా, తమిళనాటిది 47. ఇది తలిదండ్రుల పొలముల వెలతోనే సాధింపబడలేదు. కుటుంబమున మొదటి పట్టభద్రులు కాబోవువారికి, ప్రభుత్వపు కౌన్సెలింగు ద్వారా వృత్తివిద్యలలో చేరినచో, బోధనా రుసుము రాయితీ 2010లో ఏర్పడినది. ప్రభుత్వపాఠశాలలో చదివినవారికి వైద్యవిద్యలో 2020లోను, ఇంజనీరింగు మొదలగువానిలో 2021లోను 7.5 శాతము స్థానములు కేటాయింపబడినవి. అట్టి పాఠశాలలలో 6 నుండి 12వ తరగతి వఱకు చదివి కళాశాలలో చేరిన బాలికలకు నెలకు 1000 రూపాయలిచ్చు ‘పుదుమై పెణ్’ పథకము 2022 సెప్టెంబరు 5న, బాలురకు ‘తమిళ్ పుదల్వన్’ 2024 ఆగస్టు 9న ప్రారంభమైనవి. 2001లో రూపొందిన ఆదర్శ విద్యాఋణ పథకము ప్రకారము 4 లక్షల రూపాయల వఱకు బ్యాంకులు ఆస్తి తాకట్టు అడుగరాదు. ఋణము విద్యార్థి పేరిట నుండును. తండ్రియో తల్లియో సహఋణగ్రహీతగా సంతకము చేయుదురు. వాయిదాలు చదువు ముగిసిన పిదపనే మొదలగును. పొలము అమ్మి, ఆ అమ్మకమును జన్మాంతము బిడ్డకు జ్ఞాపకము చేయుటకంటె ఇది మేలు గాదా? ఆదాయపత్రము, కులపత్రము, మొదటి పట్టభద్రపత్రము సకాలమున తెచ్చియుంచుట, తాలూకా కచ్చేరీలో వరుసలో నిలుచుట, దరఖాస్తు గడువు గుర్తుంచుకొనుట, ఇవియే తలిదండ్రులు చేయదగిన అసలు సహాయము. దీనికి ధనమక్కఱలేదు, పెద్ద చదువును అక్కఱలేదు.

మన యిరుగుపొరుగువారినుండి నేర్వదగిన పాఠము విరుదునగరముననే కలదు. అచటి నాడార్ వర్తకులు తమ వ్యాపారముపై ‘మహిమై’ యను పేర చిన్న మొత్తము తీసి సంఘనిధిలో వేయు ఆచార మేర్పఱచుకొనిరి. 1889లో క్షత్రియ విద్యాశాల స్థాపించిరి. ఇంటింటినుండి పిడికెడు బియ్యము పోగుచేసి దానిని నడపిరి. ఆ పాఠశాలలో చదివి, చదువు నడుమనే విడువవలసివచ్చిన బాలుడు కామరాజు 1954 నుండి 1963 వఱకు ఈ రాష్ట్రపు ముఖ్యమంత్రియై, ఊరూర బడులు తెఱిపించి, బీదపిల్లలకు మధ్యాహ్న భోజనము పెట్టించెను. ఆ పిడికెడు బియ్యమును బాకీగా వ్రాసిన ఆవర్జా ఏదియు లేదు. ఎవరును ఆయనయొద్ద దానిని తిరిగి అడుగలేదు. అడుగనందుననే అది లక్షల పిల్లల కంచములలో అన్నమయ్యెను.

కావున మన తెలుగు సంఘములవారి ముందు మేము ఉంచు కోరికలు నాలుగు. కుమార్తె పేర కూడబెట్టిన దానిలో మొదటి హక్కు ఆమె చదువునకే చెందవలెను. పట్టము చేతికి వచ్చువఱకు పెండ్లిమాట ఎత్తరాదు. చదువును ధరగా చెప్పి కట్నమడుగు సంబంధములను సంఘపు పెద్దలు కుదుర్పరాదు. అట్టి పెండ్లిపందిటిలో పెద్దపీట వేసికొని కూర్చుండరాదు. ప్రతి కుటుంబమును నెలకు తన శక్తికొలది ఒక చిన్న మొత్తము సంఘనిధిలో వేసి, తండ్రిలేని, ఆధారములేని మన పిల్లల కళాశాల చదువునకు, ముఖ్యముగా మనలో అందఱికంటె వెనుకబడిన తెలుగు కుటుంబముల పిల్లలకు, వడ్డీ లేక, పత్రము లేక, తిరిగి అడుగుట లేక ఇయ్యవలెను. అన్ని కులముల తెలుగువారును మనవారే యని వేదికపై చెప్పుచున్నాము. అది నిజమగుటకు ఇంతకంటె సులభమైన పని లేదు.

ఆవర్జాలో కొన్ని పద్దులు వసూలు చేయవలసినవి, కొన్ని కొట్టివేయవలసినవి. బిడ్డ చదువు అసలు వ్రాయవలసినదే కాదు. వ్రాసియున్నవారు ఈ రాత్రియే ఆ పుట చించివేసి, దూరముననున్న కుమారునకో కుమార్తెకో ఫోను చేసి, ధనము మాట ఎత్తక, మార్కుల మాట ఎత్తక, పది నిమిషములు తెలుగున మాటలాడుదురు గాక.