పెద్ద ‘ఎ’ అమ్మ, చిన్న ‘ఎ’ అమ్మ

పోయిన నెల పాత ల్యాప్‌టాప్ ఖాళీ చేస్తూ ఫొటోలన్నీ ఫోన్‌లోకి ఎక్కించా. అది లైనక్స్ మెషీన్. అందులో ‘అమ్మ’ అని ఇంగ్లిష్‌లో పేరు పెట్టిన ఫోల్డర్లు రెండున్నాయి. ఒకటి పెద్ద ‘ఎ’తో, ఇంకోటి చిన్న ‘ఎ’తో. రెండింట్లోనూ ఫొటోలకి 1, 2, 3 అనే పేర్లు. కాపీ చేస్తుంటే ‘ఇదే పేరుతో ఫైల్ ఉంది, మార్చేయాలా?’ అని అడిగింది. చదవకుండానే ఓకే కొట్టేశా. నాన్న షష్టిపూర్తి నాడు అమ్మకి తీసిన ఫొటోలు అలా పోయాయి. ల్యాప్‌టాప్ అప్పటికే ఫార్మాట్!

తప్పు నాదే. కానీ ఫోన్ ఎందుకలా చేసింది?

లైనక్స్ మామూలుగా పెద్ద ‘ఎ’, చిన్న ‘ఎ’ వేరు వేరు అనుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో మన ఫొటోలుండే చోట మాత్రం రెండూ ఒకటే. పాత మెమరీ కార్డుల పద్ధతి అది. యాప్‌లు దానికే అలవాటు పడ్డాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఫోన్‌లో ఫొటోలే కాదు, వాటి పేర్లు కూడా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. ఒక్క అక్షరం సైజు మారినా తాళం పడ్డాక రెండు పేర్లూ వేరైపోతాయి. మరి ఆ రెండూ ఒకటేనని ఫోన్‌కి ఎలా తెలుస్తుంది?

గుడి దగ్గర చెప్పుల స్టాండు గుర్తుందా? టోకెన్ నంబరు చూసి నేరుగా ఆ అర దగ్గరికే వెళ్తారు. ఇక్కడా అంతే. ముందు పేరులోని అక్షరాలన్నీ చిన్నవి చేసి, దాన్నుంచి ‘హ్యాష్’ అనే నంబరు లెక్కకడతారు. ఆ అరలో ఉన్న పేర్ల తాళం తీసి పోల్చి చూస్తారు. ఆ లెక్కలోనూ ఒక రహస్య కీ కలుపుతారు. లేకపోతే ‘పెళ్లి’ అనే పేరుకి ఏ నంబరు వస్తుందో ఎవడైనా లెక్కేసుకుని, మీ ఫోన్‌లో ఆ ఫోల్డర్ ఉందో లేదో ఊహించేయొచ్చు!

ఫోన్ రీస్టార్ట్ అయ్యి, మీరింకా పిన్ కొట్టలేదనుకోండి. అప్పుడు కీ ఉండదు కాబట్టి ఆ నంబరు లెక్కకట్టడం కుదరదు. అందుకే లైనక్స్‌లోని ఈఎక్స్‌టీ4 ఆ నంబర్ని పేరు పక్కనే డిస్క్ మీద రాసి పెట్టుకుంటుంది. ఈఎక్స్‌టీ4కి పెద్దా చిన్నా తేడా చూడని ఫోల్డర్లు 2019లో వచ్చాయి. వాటికి ఎన్‌క్రిప్షన్ తోడవడానికి 2021 దాకా పట్టింది.

తెలుగులో పెద్ద, చిన్న అక్షరాల గొడవ లేదు కదా అంటారా? మనకీ ఒకటుంది. ‘మైసూరు’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. తెర మీద తేడా కనిపించదు. ఈ పద్ధతిలో అవి రెండూ ఒకటే పేరు.

కాబట్టి కాపీ చేసేటప్పుడు ‘మార్చేయాలా?’ అంటే ఒక్క క్షణం ఆగండి. రెండు చోట్లా ఫొటోలు లెక్కపెట్టాకే పాతవి తీసేయండి. పేర్లు దాచి ఉంచడం, వెతికి పెట్టడం ఫోన్ చూసుకుంటుంది. ఏ అమ్మ ఫొటో ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాల్సింది మాత్రం మనమే.