కెమెరా కబుర్లు

ప్ర: సినిమా ఫంక్షన్లలో వెనక వరస నుంచి స్టార్ల ఫొటోలు తియ్యాలని కోరిక. ఏడాదిగా దాచుకున్న డబ్బుంది, కెమెరా కంపెనీ లెన్సుకి చాలదు. టామ్రాన్, సిగ్మా వాళ్ల 70-300 జూమ్ కొనొచ్చా?

జ: కొనొచ్చు. వాళ్లేం నిన్నటివాళ్లు కారు. టామ్రాన్ 1950లో, సిగ్మా 1961లో మొదలైన జపాన్ కంపెనీలు. పగటిపూట అవుట్‌డోర్ షూటింగుకి ఈ లెన్సు భేషు. రాత్రి ఫంక్షనుకే చిక్కు! 300 దగ్గర దాని ఎపర్చరు ఎఫ్/5.6. ఎఫ్/2.8 లెన్సుతో పోలిస్తే వచ్చే వెలుతురు నాలుగో వంతే.

ప్ర: వణుకు ఆపే ఏర్పాటున్న లెన్సు తీసుకుంటే?

జ: అది మీ చేతి వణుకుని ఆపుతుంది, స్టేజి మీద హీరోగారి డాన్సుని కాదు! దానికి షట్టరు స్పీడే కావాలి.

ప్ర: సెకండ్‌హ్యాండులో చవగ్గా వస్తోంది. తీసుకోనా?

జ: ముందు మీ కెమెరాకి తగిలించి చూడండి. నికాన్ డి3500, డి5600 లాంటి వాటిలో ఫోకస్ మోటారు లేదు. లెన్సులోనూ లేకపోతే చేత్తో తిప్పుకోవాల్సిందే. తర్వాత టార్చి వేసి లోపలికి చూడండి. సాలెగూడులా కనిపిస్తే ఫంగస్. ఊరికే ఇచ్చినా వద్దు.

ప్ర: మరి రాత్రి ఫొటోలకి నా గతేమిటి?

జ: జూమ్ మోజు మానేసి 85 ఎం.ఎం. ఎఫ్/1.8 చూడండి. ఎఫ్/5.6 కంటే తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు. కాకపోతే గంట ముందెళ్లి ముందు వరస పట్టాలి. అభిమానులకి అదేమన్నా కొత్తా?