దివాను సీతారామరాజు: ఒక విచారము

పద్మనాభ యుద్ధమును గూర్చి మన పాఠశాలలో నెరుగని బాలుడు లేడు. 1794 జూలై 10వ తేదీన కుంపిణీ సేనతో పోరి మడిసిన విజయనగర ప్రభువు విజయరామరాజును ఎల్లరును కొనియాడుదురు. ఆయన యన్నయు దివానునగు పూసపాటి సీతారామరాజును మాత్రము దురాశాపరుడని యొక్కమాటతో త్రోసివేయుదురు. ఈ తీర్పు న్యాయము గాదని నా యభిప్రాయము.

టెక్కలి, పలాస ప్రాంతముల వారమైన మనకు ఆయనపై ప్రేమ కలుగుటకు కారణము లేదు. 1761లో కిమిడి రాజుపై దండెత్తి, ఆ సేనలను చికాకోలు చెంత నోడించినవా డాయనయే. చుట్టుపట్ల జమీందారులు ఆయన పేరు విని జంకెడివారు. పండ్రెండేండ్ల ప్రాయమున పీఠమెక్కిన తమ్ముడు పెరిగి పెద్దవాడైన పిదపను అధికార మన్న చేతిలోనే నిలిచెను. తమ్ముడు విసిగి వేరొకనిని దివానుగా నుంచుకొనుటలో వింత యేమున్నది? ఇవి దోషములే, కప్పిపుచ్చ నక్కరలేదు.

అయితే 1778 నాటి సంగతి వేరు. ఆ యేట మదరాసు గవర్నరు సర్ తామస్ రంబోల్డు జమీందారుల నందరిని మదరాసునకు రప్పించెను. ఇల్లు, పొలము, కోట విడిచి అంతదూరము పోవుట వారికెంత భారమో చదువరులే యూహింపవచ్చును. అచ్చట గవర్నరు అన్నదమ్ములకు బలవంతపు రాజీ కుదిర్చి, సీతారామరాజును మరల దివానుగా నిలిపెను. దీనివెనుక ధనము చేతులు మారెనను ఆరోపణ పార్లమెంటు వరకు పోయెను. రంబోల్డుపై తెచ్చిన బిల్లు తుదముట్టకయే ఆగిపోయినది. తెగని వ్యాజ్యమును తెగినట్లు చెప్పుట పెద్దలకు తగునా?

1784లో కుంపిణీవారి సర్క్యూట్ కమిటీ విజయనగర సంస్థానమును విచారించి, పండ్రెండువేలకు మించిన సేన యచ్చట నున్నదనియు, దివానును సేనను రెండింటిని తొలగింపవలెననియు సలహా యిచ్చెను. ఇదియే నా వాదమునకు మూలము. సీతారామరాజు కుంపిణీ చేతి కీలుబొమ్మయే యైనచో, సేనతోపాటు ఆయననుగూడ వెడలగొట్టుమని వారేల కోరుదురు?

ఆ కాలముననే స్పెయిను దేశమున ఫ్లోరిడాబ్లాంకా యను మంత్రి యుండెను. రోమునకు రాయబారిగా పోయి పేరుగాంచి, 1777 మొదలు 1792 వరకు రాజ్యభారము వహించి, పిదప పదవిపోయి చెరపడెను. కాని 1808లో స్వదేశమునకు కష్టము వచ్చినపుడు అచ్చటివారు ఆ వృద్ధుని మరల పిలిచి తమ సభకు అధ్యక్షునిగా చేసికొనిరి. సీతారామరాజును తొలగించినది స్వదేశప్రభువు గాదు, వర్తక సంఘము; కావున మరల పిలుచువారు లేకపోయిరి.

1793లో ఆయనను మదరాసుననే నివసింపుమని యాజ్ఞాపించిరి. పేష్కషు బాకీకై కుంపిణీవారు తమ్ముని పైబడిరి. మరుసటి యేడే పద్మనాభము. అన్న దగ్గర నున్నచో ఏదో యొక రాజీ కుదిర్చియుండునని నా తలంపు. నడుమ నడుమ పదవి పోయినను, ముప్పదేండ్లుగా ఆయన చేయుచు వచ్చిన పని యదియే.