సంపాదకీయం: ముందు శివారు నారుమడికి నీళ్లు

జూన్ వచ్చిందంటే నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను వైపు రైతు కళ్లన్నీ కాలువ మీదే. కాలువ ఆలస్యమైతే ఎగువ రైతుకు నాట్లు వెనకబడతాయి. శివారు రైతుకు నారే పోతుంది.

ఎందుకంటే వరి గింజ ఉప్పును కొంత ఓర్చుకుని మొలకెత్తుతుంది. తొలి వారం మడి పచ్చగానే కనిపిస్తుంది. రెండు మూడు ఆకులు వేశాకే అసలు దెబ్బ. ఉప్పు ఎక్కువైన నేలలో పక్కనే తడి ఉన్నా వేరు నీటిని లాగలేదు. లాగిన కాస్త నీటితో సోడియం లోపలికి చేరి, మొక్కకు కావలసిన పొటాషియాన్ని అందనివ్వదు. ఆకు కొసలు తెల్లబడి, ఎండి, చుట్టుకుపోతాయి. నారు మచ్చలు మచ్చలుగా చస్తుంది. దాన్ని తెగులనుకుని మందులు కొట్టడం, యూరియా చల్లడం డబ్బు దండగ.

జిప్సం కారుచౌడుకు మందు. పాలచౌడుకు మందు మంచినీళ్లే. నీరు పెట్టి, నిలవ ఉంచి, మురుగులోకి తీసేస్తేనే ఉప్పు కడుక్కుపోతుంది. కాలువలో నీళ్లు లేనప్పుడు బోరు నీరు పెడితే, ఆ నీరే ఉప్పగా ఉంటే, మడికి మరింత ఉప్పు పోసినట్టే.

రైతు చేయగలిగింది రైతు చేయాలి. భూసార పరీక్షలో ఈసీ ఎంతో తప్పక అడగండి. నాట్లకు ముందు జీలుగ వేసి కలియదున్నండి. లేత నారు కాక ముదురు నారు, కుదురుకు రెండు మొక్కలు ఎక్కువే నాటండి. మచిలీపట్నం పరిశోధనా స్థానం ఇచ్చిన ఎంసీఎం 100, ఎంసీఎం 103 లాంటి రకాలను చౌడు చేలలో వేసి చూడండి.

అయితే ఎంత ఓర్చుకునే రకమైనా మంచినీటికి బదులు కాదు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల వచ్చాక గోదావరి నీటిని ప్రకాశం బ్యారేజీకి మళ్లించే వీలు కలిగింది. కృష్ణకు వరద రాలేదన్న మాట ఇక చెల్లదు.

మన డిమాండ్లు మూడు. నారుమళ్ల కాలంలో వంతులవారీ నీరు శివారు నుంచే మొదలుకావాలి. పోటు నీరు ఎగదన్నకుండా మురుగు కాలువల ముఖద్వారాల తలుపులు బాగుచేయాలి, చెరువుల ఉప్పునీటిని పంట కాలువల్లోకి వదలనివ్వకూడదు. చౌడును తట్టుకునే విత్తనం మే నెలాఖరుకే రైతు సేవా కేంద్రాల్లో ఉండాలి.

నారు చచ్చాక వచ్చే నీరు రైతుకు నీరు కాదు. ఈ నెల ప్రతి గ్రామ శాఖా సమావేశం పెట్టి, తీర్మానం చేసి, నీటిపారుదల అధికారులకు అందజేయాలని కోరుతున్నాం.